పాఠకుల ప్రశ్నలు - జవాబులు: కౌన్సిలుకూ ఇంటి యజమానికీ మధ్య తగవు తేల్చే ఉద్యోగం

న్యూజిలాండ్‌లో ఇళ్ల నిర్మాణ నిబంధనల గురించి ఈ శీర్షికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకే ఉద్యోగం గురించి అడిగాయి. ఒక కట్టడం బిల్డింగ్ కోడ్‌కు, అంటే కట్టడాలన్నీ పాటించవలసిన ప్రభుత్వ నియమావళికి, లోబడి ఉందా లేదా అన్న విషయంలో స్థానిక కౌన్సిలుకూ యజమానికీ మాట కుదరనప్పుడు, ప్రభుత్వం తరఫున ఆ తగవును పరిశీలించి తేల్చే సీనియర్ నిపుణుల ఉద్యోగం అది. అలా వెలువడే నిర్ణయాన్ని అక్కడ డిటర్మినేషన్ అంటారు. ఈ జవాబుల్లో దాన్ని ‘నిర్ధారణ’ అంటాను. నేను ఆ పనిలో పన్నెండేళ్లు ఉన్నాను కాబట్టి, తెలిసినంతలో వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: నేను ఆక్లాండ్‌లో తొమ్మిదేళ్లుగా స్ట్రక్చరల్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. వెల్లింగ్టన్‌లో, భవన నిబంధనలను చూసే వ్యాపార, ఆవిష్కరణ, ఉపాధి మంత్రిత్వ శాఖలో నిర్ధారణల విభాగానికి సీనియర్ నిపుణులు కావాలన్న ప్రకటన చూశాను. అక్కడ నిజంగా చేసే పని ఏమిటి? ఇంజినీరింగ్ తెలిస్తే చాలునా, లేక న్యాయశాస్త్రం కూడా చదివి ఉండాలా?

జవాబు: ముందు ఈ అధికారం ఎక్కడిదో చూద్దాం. 2004 నాటి బిల్డింగ్ చట్టంలోని 177వ సెక్షన్ ప్రకారం, ఒక కట్టడం బిల్డింగ్ కోడ్‌ను పాటిస్తున్నదా లేదా అన్న ప్రశ్న మీద గాని, అనుమతి ఇవ్వడం, నిరాకరించడం, కోడ్ కంప్లయన్స్ సర్టిఫికెట్ (పూర్తయిన పని సరిగా ఉందని కౌన్సిలు ఇచ్చే ధ్రువపత్రం) ఇవ్వకపోవడం, లోపాన్ని సరిదిద్దమని నోటీసు ఇవ్వడం వంటి కౌన్సిలు నిర్ణయాల మీద గాని, సంబంధిత పక్షాల్లో ఎవరైనా మంత్రిత్వ శాఖకు అర్జీ పెట్టుకోవచ్చు. చట్టం ఈ బాధ్యతను శాఖ ముఖ్య కార్యనిర్వహణాధికారి పేరిట ఉంచింది. ఆచరణలో మాత్రం ఆ అధికారాన్ని అప్పగింతగా పొందినవారు సంతకం చేస్తారు. 188వ సెక్షన్ కింద కౌన్సిలు నిర్ణయాన్ని ఖాయం చేయవచ్చు, తిరగరాయవచ్చు, మార్చవచ్చు.

ఇక పని విషయానికి వద్దాం. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైనది అర్జీలోని అసలు ప్రశ్నను పట్టుకోవడం. అది సరిగా దొరికితే సగం పని అయిపోయినట్టే. నా ముందుకు వచ్చిన ఒక ఫైలు ఇప్పటికీ గుర్తుంది. యజమాని నలభై పేజీలు రాశారు. ఇన్‌స్పెక్టరు ఎన్నిసార్లు రాలేదో, వచ్చినప్పుడు ఎంత కటువుగా మాట్లాడారో, ఫోనులో ఎవరు ఏమన్నారో తేదీలతో సహా ఉంది. అందులో ముప్ఫై మూడో పేజీలో, కౌన్సిలు ఉత్తరం నకలులో ఒక్క వాక్యం ఉంది: పశ్చిమం వైపు గోడ క్లాడింగ్ (బయటి తొడుగు), నీరు చొరబడకుండా ఉండాలనే ఇ2 నిబంధనను పాటించినట్టు తమకు నమ్మకం కలగలేదని. ఆ ఫైలులో తేల్చవలసింది ఆ ఒక్క వాక్యం సరైనదా కాదా అన్నదే. ఆ నలభై పేజీల వెనుక ఉన్న ఆవేదన నిజమైనదే. కానీ ఇన్‌స్పెక్టరు ప్రవర్తన గురించి తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. ఈ సంగతిని అర్జీదారుకు మొదటి ఉత్తరంలోనే మర్యాదగా, స్పష్టంగా చెప్పకపోతే, ఆరు నెలల తరువాత నిర్ధారణ చేతికి అందినప్పుడు ‘నేను చెప్పినదేదీ వీళ్లు వినలేదు’ అని వారు అనుకోవడంలో తప్పేమీ ఉండదు.

తరువాత మీరు తెలుసుకోవలసింది కోడ్ స్వభావం. 1992 నుంచి అమలులో ఉన్న ఈ కోడ్ ఏ గోడ ఎంత మందం ఉండాలో, ఏ మేకు ఎక్కడ కొట్టాలో చెప్పదు. ఆ కట్టడం ఏ పని నెరవేర్చాలో మాత్రమే చెబుతుంది. ఉదాహరణకు, కప్పులూ బయటి గోడలూ నీరు లోపలికి చొరబడి అనవసరమైన చెమ్మకు గాని, కట్టడంలోని భాగాల నష్టానికి గాని దారితీయకుండా అడ్డుకోవాలని ఇ2 అంటుంది. ఎలా అడ్డుకోవాలో కట్టేవారి ఇష్టం. అయితే ప్రభుత్వం ‘యాక్సెప్టబుల్ సొల్యూషన్’ పేరుతో కొన్ని నమూనా పద్ధతులను ప్రకటిస్తుంది. వాటిని తు.చ. తప్పక పాటిస్తే కోడ్ పాటించినట్టే లెక్క, కౌన్సిలు కాదనడానికి వీల్లేదు. వేరే పద్ధతిలో కట్టినవారు మాత్రం తమ పద్ధతి కూడా ఆ పని నెరవేరుస్తుందని ఆధారాలతో చూపించుకోవాలి.

తగవుల్లో అధిక భాగం ఇక్కడే పుడతాయి. నమూనాలో లేదు కాబట్టి ఒప్పుకోమని కౌన్సిలు అధికారి అంటారు. నమూనా తప్పనిసరి కాదు కాబట్టి ఒప్పుకోవలసిందేనని డిజైనరు అంటారు. రెండు వాదాలూ పొరపాటే. నమూనా ఒక దారి మాత్రమే, అయితే ఆ దారి వదిలినవారికి రుజువు చేసే భారం ఉంటుంది. నమూనాతో పోల్చి చూడడం, ప్రయోగశాల పరీక్షలు, అదే పద్ధతి ఇతర కట్టడాల్లో ఏళ్ల తరబడి ఎలా నిలిచిందన్న చరిత్ర, స్వతంత్ర నిపుణుల అభిప్రాయం, ఇవన్నీ ఆధారాలే. మీ వంటి ఇంజినీర్లు కొత్తగా వచ్చినప్పుడు నమూనా పత్రాన్నే కోడ్ అనుకుని అంకెలు సరిచూడడం మొదలుపెడతారు. డెక్ (ఇంటికి ఆనుకున్న బయటి అరుగు) రెయిలింగ్ కమ్మీల మధ్య 100 మిల్లీమీటర్ల గోళం దూరకూడదని నమూనాలో ఉంటే, 104 మిల్లీమీటర్లు కనబడగానే ‘పాటించలేదు’ అని రాసేస్తారు. కోడ్ అడిగేది వేరు. ఒక మీటరు లేదా అంతకంటే ఎక్కువ ఎత్తు నుంచి మనిషి పడిపోయే చోట అడ్డు ఉండాలి, చిన్నపిల్లలు వచ్చే చోట వాళ్లు అందులోంచి జారిపోకుండా ఆ అడ్డు ఆపగలగాలి. ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడా ఆ పనిని చెడగొడుతున్నదా అన్నదే ప్రశ్న. కమ్మీ ఎంత బిగువుగా ఉంది, పిల్లవాడు చేత్తో నెడితే అది ఇంకెంత వంగుతుంది అన్నది చూడకుండా దీనికి ఇటూ అటూ జవాబు చెప్పలేము.

మీ రెండో ప్రశ్నకు: న్యాయపట్టా అవసరం లేదు, విభాగంలో న్యాయ సలహాదారులు విడిగా ఉంటారు. ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, కౌన్సిళ్లలో అనుమతుల పని చేసి వచ్చినవారు, న్యాయవాదులు అందరూ కలిసి పనిచేసే చోటు అది. అయితే చట్టంలోని మాటను మాటగా చదివే ఓపిక తప్పనిసరిగా ఉండాలి. పాత కట్టడానికి మార్పులు చేసేటప్పుడు అగ్నిప్రమాదంలో బయటపడే దారులూ, వికలాంగుల రాకపోకల వసతులూ ‘సహేతుకంగా సాధ్యమైనంత దగ్గరగా’ కోడ్ స్థాయికి రావాలని 112వ సెక్షన్ చెబుతుంది. ఈ మాటల మీద ఎన్నో తగవులు నడిచాయి. సాధ్యమైనంత అంటే ఖర్చు చూడకుండానా? కాదు. ఆక్లాండ్ సిటీ కౌన్సిలుకూ అగ్నిమాపక సేవకూ మధ్య నడిచిన కేసులో, 1996 నాటి న్యాయ నివేదికల్లో అచ్చయిన తీర్పు ప్రకారం, మార్పు వల్ల కలిగే లాభాన్నీ దాని కోసం యజమాని చేయవలసిన త్యాగాన్నీ తూకం వేయాలి. ఆ తూకాన్ని లెక్కల పుస్తకం ఒక్కటే చేసిపెట్టదు. రెండో మెట్లదారి కట్టాలంటే ఒక గది మొత్తం పోతుందన్నప్పుడు, ఆ భవనంలో రాత్రి నిద్రించేవారు ఎంతమంది, అలారం ఉందా, ఉన్న మెట్ల తలుపు పొగను ఎంతసేపు ఆపుతుంది అన్న ప్రశ్నలు వేసుకుని, వాటి జవాబులను అందరికీ అర్థమయ్యేలా రాయగలగాలి. ఇంజినీర్లలో లెక్క చేయగలవారు చాలామంది ఉన్నారు. లెక్క నుంచి నిర్ణయానికి ఎలా వచ్చారో ఒక్కొక్క మెట్టూ రాసి చూపించగలవారు తక్కువ. శాఖ వెతికేది అటువంటివారి కోసమే.

ప్రశ్న: మేము హామిల్టన్‌లో కొన్న ఇంటికి 1999లో అనుమతి తీసుకుని 2000లో కట్టడం పూర్తి చేశారు. పాత యజమాని కోడ్ కంప్లయన్స్ సర్టిఫికెట్ తీసుకోలేదు. ఇప్పుడు మేము అడిగితే, కట్టి ఇన్నేళ్లయిందంటూ కౌన్సిలు నిరాకరించింది. మంత్రిత్వ శాఖకు వెళితే మాకు నష్టపరిహారం వస్తుందా?

జవాబు: నష్టపరిహారం రాదమ్మా. నిర్ధారణ తేల్చేది కోడ్ విషయాన్నీ, కౌన్సిలు నిర్ణయం సరైనదా అన్న విషయాన్నీ మాత్రమే. డబ్బు కోసం వేరే దారులు వెతుక్కోవాలి. అయినా మీ ఇబ్బందికి సంబంధించి శాఖ చేయగలిగినది లేకపోలేదు, మీవంటి అర్జీలు నా చేతి మీదుగా చాలా వెళ్లాయి.

సంగతి ఇది. కోడ్‌లో బి2 అనే మన్నిక నిబంధన ఉంది. కట్టడంలోని ఒక్కొక్క భాగం తన పనిని కనీసం 5 ఏళ్లు గాని, 15 ఏళ్లు గాని, 50 ఏళ్లకు తగ్గకుండా గాని చేయాలని అది చెబుతుంది. తేలికగా మార్చుకోగలిగిన వాటికి తక్కువ, గోడ లోపలి కట్టె చట్రం (ఫ్రేమింగ్) వంటి వాటికి ఎక్కువ. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఈ గడువు సర్టిఫికెట్ ఇచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. మీ ఇంటి బయటి క్లాడింగ్ 15 ఏళ్లు నిలవాలి అనుకోండి. అది ఇప్పటికే పాతికేళ్లు నిలిచింది, తన పని తాను చేసేసింది. ఈ రోజు సర్టిఫికెట్ ఇస్తే, ఈ రోజు నుంచి మరో 15 ఏళ్లు నిలవాలని అర్థం వస్తుంది. పాత క్లాడింగ్ విషయంలో ఆ మాట చెప్పడానికి ఏ అధికారీ సాహసించరు, సాహసించకూడదు కూడా.

దీనికి పరిష్కారంగా, మన్నిక గడువును ఇల్లు చాలావరకు పూర్తయిన తేదీ నుంచి లెక్కించేలా బి2 నిబంధనను మీ ఇంటి మేరకు సవరించవచ్చు. దీన్ని కౌన్సిలే స్వయంగా చేయవచ్చు. అందుచేత మీరు మొదట ఆ సవరణ కోరుతూ కౌన్సిలుకే ఉత్తరం రాయండి. ఇల్లు 2000లో ఫలానా నెలలో పూర్తయినట్టు చూపే కాగితాలు, అంటే చివరి తనిఖీ రాతలు, విద్యుత్ కనెక్షన్ బిల్లు, నివాసం మొదలైన తేదీ వంటివి, జత చేయండి. ఇంకొక విషయం: మీ అనుమతి 1991 నాటి పాత చట్టం కింద ఇచ్చినది కాబట్టి, మీ ఇంటిని అనుమతి ఇచ్చిన నాటి కోడ్‌తో పోల్చి చూడాలే తప్ప నేటి కోడ్‌తో కాదు. దీన్ని కొత్త చట్టంలోని 436వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. ఇది తెలియక, నేటి నిబంధనల ప్రకారం గోడలన్నీ విప్పి కట్టించుకోవాలేమోనని బెంగపడినవారిని చూశాను.

అయితే తేదీ సవరించినంత మాత్రాన పని అయిపోదు. ఇల్లు నిజంగా ఆ నాటి కోడ్‌ను పాటించాలి. 1999-2000 ప్రాంతపు ఇల్లు అంటే, బయట సిమెంటు పూత వంటి అతుకులు లేని క్లాడింగ్ ఉంటే, చూరు లేకుండా ఉంటే, మొదట నమ్మదగిన సర్వేయరు చేత తేమ పరీక్ష చేయించుకోండి. కిటికీ కింది మూలల్లో, డెక్ గోడకు కలిసే చోట, కప్పు అంచు గోడలోకి దిగే చోట మాయిశ్చర్ మీటర్ సూదులు గుచ్చి చూడమని అడగండి. అటువంటి ఇంటి తనిఖీలో ఒకసారి పైకి చక్కగా రంగు వేసి ఉన్న గోడను కిటికీ మూల దగ్గర చిన్న చదరంగా కోసి తీశారు. లోపలి కట్టెను బొటనవేలితో నొక్కితే తడిసిన అట్టముక్కలా లోపలికి దిగింది. యజమానురాలు అప్పటి దాకా అధికారులతో వాదిస్తూ నిలబడ్డారు. అది చూసి ఏమీ మాట్లాడకుండా వెళ్లి మెట్ల మీద కూర్చున్నారు. మీకు అటువంటి రోజు రాకూడదని కోరుకుంటున్నాను. వచ్చినా ముందే తెలియడం నయం.

ప్రశ్న: పక్కింటివారి కొత్త అంతస్తు వల్ల మా ఇంట్లోకి ఎండ రావడం లేదు. దీనికి నిర్ధారణ కోరవచ్చా?

జవాబు: కోరలేరు. ఎండ, ఎత్తు, కిటికీలోంచి కనిపించే దృశ్యం వంటివి ప్రణాళికా చట్టాల కిందికి వస్తాయి. పక్కింటి కట్టడం మీ ఆస్తికి హాని చేయకుండా చూడవలసిన కోడ్ నిబంధన ఏదైనా ఉంటే, అంటే వారి వాననీరు మీ స్థలంలోకి పారడం, సరిహద్దు గోడ నుంచి మంటలు వ్యాపించే అవకాశం వంటివి ఉంటే, అప్పుడు మీరు కూడా ఒక పక్షంగా అర్జీ పెట్టవచ్చు.

ప్రశ్న: కౌన్సిలూ ప్రభుత్వమే, మంత్రిత్వ శాఖా ప్రభుత్వమే. ఒక ప్రభుత్వ కార్యాలయం తప్పును ఇంకొక కార్యాలయం నిజంగా తప్పని అంటుందా? మాకు నమ్మకం కుదరడం లేదు.

జవాబు: ఈ అనుమానం సహజమే, మీరు అడగడం నాకు సంతోషంగా ఉంది. అనుమానాన్ని మాటలతో తీర్చలేము. పద్ధతి ఎలా ఉంటుందో చెబుతాను, మీరే చూడండి.

ఒక పక్షం ఇచ్చిన ప్రతి కాగితమూ రెండో పక్షానికి వెళుతుంది. ఎవరితోనూ చాటుగా మాట్లాడకూడదు. ముసాయిదా నిర్ణయాన్ని రెండు పక్షాలకూ పంపి, ఏమైనా తప్పు ఉంటే చెప్పమంటాము. అలా వచ్చిన వ్యాఖ్యలు చదివి నిర్ణయాన్ని పూర్తిగా తలకిందులు చేసిన సందర్భాలు నాకు ఉన్నాయి, దానికి నేను సిగ్గుపడలేదు. అవసరమైతే శాఖ బయటి నిపుణులను నియమిస్తుంది, వారి నివేదిక కూడా ఇరువురికీ అందుతుంది. నిర్ధారణ నచ్చనివారు జిల్లా కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, నిర్ధారణలన్నీ కారణాలతో సహా ప్రచురితమవుతాయి. ఎవరైనా చదవవచ్చు. కౌన్సిలు నిర్ణయాలను తిరగరాసినవి వాటిలో ఎన్నో కనిపిస్తాయి.

ఈ నియమాలు కాగితం మీద చదివినప్పుడు సులువుగా ఉంటాయి. ఒక చలికాలం ఉదయం సైటు తనిఖీకి నేను అరగంట ముందు చేరాను. వాన పడుతోంది. ఇంటి యజమాని, వయసు మళ్లిన పెద్దాయన, తలుపు తీసి లోపలికి రమ్మన్నారు. కౌన్సిలు అధికారి ఇంకా రాలేదు. ‘వారు వచ్చాక వస్తాను’ అని చెప్పి గేటు దగ్గరే తడుస్తూ నిలబడ్డాను. ఆయన మనసు నొచ్చుకుందని ముఖంలో కనిపించింది. కానీ ఆ అరగంట లోపల కూర్చుని ఉంటే, తరువాత నేను రాసిన ప్రతి వాక్యాన్నీ కౌన్సిలు అనుమానించే వీలు ఉండేది, ఒకవేళ ఆ పెద్దాయనకు అనుకూలంగా రాసినా ఆ నిర్ణయం నిలబడేది కాదు. నిర్ధారణ ఆయన పక్షానే వచ్చింది. దాని మీద అప్పీలు పడలేదు.

ప్రశ్న: కౌన్సిలు అధికారులు ప్రతిదానికీ ఎందుకు అంతగా భయపడతారు? చిన్న మార్పుకు కూడా మళ్లీ మళ్లీ కాగితాలు అడుగుతున్నారు.

జవాబు: దీని వెనుక ఒక పెద్ద గాయం ఉంది. 1990ల్లోనూ 2000ల మొదట్లోనూ అక్కడ కట్టిన వేల ఇళ్లలోకి నీరు దిగింది. అతుకులు లేని క్లాడింగ్, చూరు లేని కప్పులు, గోడలో నీరు జారిపోవడానికి ఖాళీ లేకపోవడం, మందు పట్టించని కట్టె వాడడానికి అనుమతించడం, ఇవన్నీ ఒకచోట కలిశాయి. ఒక్కొక్కటి విడిగా ఉంటే తట్టుకోగలిగినదే. నాలుగూ కలిసేసరికి, లోపలికి వెళ్లిన నీరు బయటికి రాలేక కట్టెను కుళ్లబెట్టింది. 2002లో ఈ సమస్యను పరిశీలించిన నిపుణుల బృందం ఇచ్చిన హన్ నివేదిక ఈ సంగతిని బయటపెట్టింది. 2009లో ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ అనే సలహా సంస్థ అంచనా ప్రకారం దాదాపు 42,000 ఇళ్లు, 1,130 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల నష్టం. బిల్డర్లు కంపెనీలు మూసేశారు, డెవలపర్లు కనిపించకుండా పోయారు. దావాలు వేస్తే ఎదురుగా మిగిలినది కౌన్సిలు ఒక్కటే. ఇంటి యజమాని పట్ల కౌన్సిలుకు జాగ్రత్త బాధ్యత ఉందని 1996లో ప్రీవీ కౌన్సిల్ (అప్పట్లో న్యూజిలాండ్‌కు ఆఖరి అప్పీలు కోర్టు, లండన్‌లో ఉండేది) హామ్లిన్ కేసులో అప్పటికే ఖాయం చేసి ఉంది. ఇతరులు కట్టవలసిన వాటా కూడా పన్ను కట్టే ప్రజల డబ్బులోంచే పోయింది.

కాబట్టి మీ ఫైలు ముందు కూర్చున్న ఆ అధికారి వెనుక ఈ చరిత్ర అంతా ఉంటుంది. నిపుణుడిగా నేను దాన్ని అర్థం చేసుకోవాలి, వారితో మాట్లాడేటప్పుడు గౌరవించాలి. కానీ భయం నిరాకరణకు కారణం కాకూడదు. ప్లానుల ప్రకారం సరిగా కడితే కోడ్ పాటించినట్టవుతుందని సహేతుకమైన ఆధారాలతో నమ్మకం కలిగినప్పుడు అనుమతి ఇవ్వాలని 49వ సెక్షన్ అంటుంది. ‘సహేతుకమైన’ అన్న మాట సంపూర్ణ నిశ్చయాన్ని అడగదు. మీరు చేయవలసినదల్లా, అడిగిన ప్రతిసారీ ‘ఏ నిబంధన విషయంలో మీకు సందేహం, ఏ ఆధారం చూపితే అది తీరుతుంది’ అని రాతపూర్వకంగా, మర్యాదగా అడగడం. నా అనుభవంలో సగం తగవులు ఈ ప్రశ్నకు జవాబు వచ్చిన రోజునే ముగిసిపోయాయి.

ప్రశ్న: నేను క్రైస్ట్‌చర్చ్‌లో కౌన్సిలు అనుమతుల విభాగంలో పనిచేస్తున్నాను. ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఎలా సిద్ధం కావాలి?

జవాబు: మీకు నా శుభాకాంక్షలు. 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో 185 మంది మరణించిన ఊరు మీది, ఒక్క సీటీవీ (కాంటర్‌బరీ టెలివిజన్) భవనంలోనే 115 మంది పోయారు. కాగితం మీద జరిగిన పొరపాటుకు మనిషి ప్రాణం ఎలా మూల్యమవుతుందో మీ ఊరివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంటర్వ్యూలో దాని గురించి మాట్లాడడానికి సంకోచించకండి.

సిద్ధం కావడానికి నాకు తెలిసిన మంచి దారి ఒకటే. ప్రచురించిన నిర్ధారణల్లో మూడింటిని ఎంచుకోండి, ఒకటి ఇ2 మీద, ఒకటి 112వ సెక్షన్ మీద, ఒకటి సరిదిద్దమన్న నోటీసు మీద. ఒక్కొక్కదాంట్లో వాస్తవాలూ ఇరువురి వాదనలూ ఉన్న భాగం చదివి అక్కడితో ఆగిపోండి. నిర్ణయం మీరే రాయండి. రాసేటప్పుడు, ఓడిపోయే పక్షం వాదనను వారికన్నా బలంగా ఒక పేరాలో పెట్టి, ఆ తరువాతే అది ఎందుకు నిలబడదో చెప్పండి. మీరు కౌన్సిలు మనిషి కాబట్టి, కనీసం ఒకదాంట్లో కౌన్సిలు ఓడిపోయేది ఎంచుకోండి. తరువాత అసలు నిర్ధారణ తీసి పక్కన పెట్టుకుని చదవండి. ఫలితం వేరుగా వస్తే కంగారుపడకండి, మీ కారణాల్లో ఏ మెట్టు దగ్గర దారి విడిపోయిందో గుర్తించి ఆ మెట్టు పక్కన గీత గీయండి. ఆ కాగితాలు ఇంటర్వ్యూకు వెంట తీసుకువెళ్లండి, అడిగితే చూపించండి.